పునుగు పిల్లిని పట్టి పునుగు తీసి అమ్ముకోవచ్చా? షాపుల్లో దొరికే జవ్వాది అసలుదేనా?

అడిగినవారి సంగతి క్లుప్తంగా ఇది. కోనసీమలో వాళ్ల తాతగారి పెంకుటింటి అటక మీద పునుగు పిల్లి కాపురం పెట్టిందట. దాన్ని బోనులో పెట్టి పునుగు, అంటే దాని గ్రంథిలో ఊరే వాసన జిడ్డు, తీస్తే కిలో లక్షల్లో పలుకుతుందని ఒక వీడియోలో చూశారట, అది నిజమేనా అని అడిగారు. ఆన్‌లైన్‌లో చిన్న డబ్బా 150 రూపాయలకు అమ్మే "ఒరిజినల్ జవ్వాది"లో (జవ్వాది అన్నా పునుగే) అసలు సరుకు ఉంటుందా, దానికోసం పిల్లిని చంపుతారా అన్నవి తరువాతి ప్రశ్నలు. ఆఖరున, నాయనమ్మగారి వెండి భరిణెలో మిగిలిన నల్లటి ముద్ద పునుగేనా అని.

ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను. పట్టకూడదు, పెంచకూడదు, అమ్మకూడదు. చట్టం ఒప్పుకోదు. మీ అటక మీద ఉన్నది చాలామటుకు పునుగు ఇచ్చే జాతే కాదు. 150 రూపాయల డబ్బాలో పిల్లి నుంచి వచ్చింది చుక్క కూడా ఉండదు. పునుగు తీయడానికి పిల్లిని చంపనక్కర్లేదు, కానీ చంపకుండా తీసే పద్ధతి చూస్తే మీకు ఆ వాసన మీదే విరక్తి పుడుతుంది. భరిణె సంగతి చివర్లో చెబుతాను.

నేను అత్తర్లు, అగరుబత్తీల సెంటు కాంపౌండ్లు కలిపే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. అత్తర్లకు పేరుపడ్డ ఉత్తరప్రదేశ్ ఊరు కన్నౌజ్‌లో పని నేర్చుకుని హైదరాబాద్‌లో స్థిరపడ్డాను. పునుగు, కస్తూరి పేరుతో నెలకు ఇద్దరు ముగ్గురైనా ఏదో ఒక పొట్లం పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. అందుకే ఇది కాస్త పెద్ద జవాబు అవుతుంది, ఓపిక పట్టండి.

ముందు మీ అటక మీద ఉన్నదేమిటో చూడండి

మన పల్లెల్లో పునుగు పిల్లి అనే పేరుతో కనీసం రెండు జంతువులు చలామణి అవుతున్నాయి. సువాసన ద్రవ్యానికి పేరుపడ్డది చిన్న పునుగు పిల్లి. బూడిద, గోధుమ కలిసిన రంగు ఒళ్లు. వీపు మీద మెడ దగ్గర నుంచి తోక దాకా నల్లటి చారలు, పక్కల వరుసల్లో మచ్చలు. తోకకు నలుపు, తెలుపు పట్టీలు గాజులు తొడిగినట్టు కనిపిస్తాయి. బరువు రెండు మూడు కిలోల మాట. ఇది ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది. పొదల్లో, బొరియల్లో, తూముల కింద పడుకుంటుంది.

రెండోది మానుపిల్లి. ముఖం మీద ముసుగు వేసినట్టు మచ్చలుంటాయి. తోక పొడుగ్గా, ఒకే నలుపు రంగులో ఉంటుంది, పట్టీలుండవు. చెట్లెక్కడంలో దీన్ని మించింది లేదు. తాటి చెట్టెక్కి కల్లు ముంతలో మూతి పెడుతుంది, పండు దొరికితే వదలదు. పెంకులు కదిలించి అటక మీద చేరి రాత్రంతా దడదడలాడించేది, మూల మీద ఒకేచోట గింజలతో నిండిన పెంట పెట్టేది ఇదే. మీరు రాసిన లక్షణాలన్నీ దీనికే సరిపోతున్నాయి. ఇండోనేషియాలో దాని పెంటలోంచి ఏరిన గింజలతో చేసే ఖరీదైన కాఫీ గురించి వినుంటారు, అది ఈ జాతే. దీనికీ తోక కింద గ్రంథులున్నాయి, వాసనా వస్తుంది, కానీ అత్తరు వ్యాపారంలో పునుగు అన్నది దీని నుంచి వచ్చేది కాదు.

కాబట్టి తోక చూడండి. పట్టీలు లేకపోతే ఆ వీడియో లెక్కలన్నీ అక్కడికక్కడే కొట్టేయొచ్చు. పట్టీలున్నా కొట్టేయాల్సిందే, ఎందుకో చెబుతాను.

చట్టం సంగతి

పునుగు పిల్లులు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉన్న జంతువులు. చాలామంది "మేం చంపట్లేదు కదండీ, పెంచుతాం" అంటారు. ఆ చట్టంలో వేట అనే మాటకు చంపడం ఒక్కటే అర్థం కాదు. పట్టుకోవడం, ఉచ్చు పెట్టడం, వల వేయడం, వాటికి ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తాయి. మీ సొంత తోటలో తిరుగుతున్నా అది మీ జంతువు కాదు. పట్టిన బోనుతో పాటు మిమ్మల్నీ తీసుకెళ్తారు. బెయిలు, లాయరు, టెన్షన్, ఇదంతా గ్రాముల్లో వచ్చే జిడ్డు కోసం.

అలా అంటే "మరి తిరుమలలో వాడతారు కదా" అని వెంటనే అడుగుతారు. వాడతారు. మూలవిరాట్టుకు శుక్రవారం అభిషేకం తరువాత పునుగు తైలం పూస్తారు. దానికోసం తిరుపతిలో పునుగు పిల్లుల్ని సంరక్షించిన మాటా నిజమే. బోనులో గంధపు కర్ర నిలబెడితే పిల్లి తన అలవాటు కొద్దీ వచ్చి దానికి ఒళ్లు రుద్దుతుంది, కర్రకు అంటిన జిడ్డును తీసి శుద్ధి చేస్తారు. అది ఒక సంస్థ, అటవీ శాఖ కనుసన్నల్లో, కైంకర్యం కోసం చేసే పని. అమ్మకానికి కాదు. దాన్ని చూపించి ఇంకొకరు దొడ్లో బోను కట్టుకోవడానికి వీల్లేదు. తిరుమల పేరు చెప్పి "స్వామివారి పునుగు" అని ఆన్‌లైన్‌లో సీసాలు అమ్మేవాళ్లున్నారు. వాళ్ల జోలికి పోకండి.

ఈ సేవ ఎంత పాతదో తెలియాలంటే అన్నమయ్య శుక్రవారం అభిషేకం మీద చెప్పిన కీర్తన ఉండనే ఉంది. అందులో తట్టుపునుగును నిప్పు మీద కరిగించి వెండి పళ్లేల్లో నింపి స్వామి ఒళ్లంతా దట్టంగా పట్టించడం వరుసగా వస్తుంది. ఈ పనిలో ఉన్నవాడిగా నాకు అందులో ముచ్చటేసేది ఆ కరిగించడం. పునుగు గడ్డకట్టిన కొవ్వు లాంటిది, గోరువెచ్చన చేస్తే తప్ప సమంగా పరుచుకోదు. చూసినవాడు చెప్పిన మాట అది.

ఇంకొంచెం వెనక్కి, కొండవీటి రెడ్డిరాజుల కాలానికి వెళితే, అవచి తిప్పయ్యసెట్టి అనే సుగంధ ద్రవ్యాల వర్తకుడు కనిపిస్తాడు. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆయనకే. ఆయన ఏ దేశం నుంచి ఏ సరుకు దిగుమతి చేశాడో చెప్పే పద్యంలో గోవా నుంచి సంకుమదం, భోట దేశం నుంచి కస్తూరి కాయలు వస్తాయి. సంకుమదం అంటే జవ్వాదే. హిమాలయాల అవతల నుంచి కస్తూరి, పడమటి రేవుల నుంచి జవ్వాది. ఆరు వందల ఏళ్ల కిందటే మనకు ఇది దూరాల నుంచి కొనుక్కునే ఖరీదైన సరుకన్నమాట. దొడ్లో పిండుకునేది అప్పుడూ కాదు.

అసలు పునుగు అంటే ఏమిటి, ఎలా తీస్తారు

ఇది మూత్రం కాదు, పెంట కాదు, వృషణాల నుంచి వచ్చేది అంతకన్నా కాదు. తోక కింద, మలద్వారానికి, జననాంగానికి మధ్య ఒక సంచి లాంటి గ్రంథి ఉంటుంది. ఆడ, మగ రెండింటికీ ఉంటుంది. అందులో ఊరే చిక్కటి జిడ్డే పునుగు. ఇది నా హద్దు అని మిగతా పిల్లులకు చెప్పుకోవడానికి రాళ్లకు, గుంజలకు, చెట్ల మొదళ్లకు రాస్తుంది. కొత్తగా వచ్చినప్పుడు లేత పసుపు రంగులో నిలవ వెన్నలా ఉంటుంది. గాలి తగిలి నిలవ ఉండేకొద్దీ గోధుమ రంగుకు, తరువాత నలుపుకు తిరుగుతుంది.

ప్రపంచ పెర్ఫ్యూమ్ వ్యాపారానికి వెళ్లిన సహజ పునుగులో పెద్ద వాటా ఇథియోపియాది. అక్కడిది ఆఫ్రికా పునుగు పిల్లి, మనదానికన్నా చాలా పెద్దది, పది కిలోలు దాటుతుంది. అడవిలో ఉచ్చు వేసి మగవాటిని పడతారు. అవి బోనులో పిల్లల్ని పెట్టడం అరుదు కాబట్టి చచ్చినకొద్దీ కొత్తవాటిని పట్టాల్సిందే. కర్రలతో అల్లిన సన్నటి బోనులో పెడతారు. లోపల జంతువు వెనక్కి తిరగడానికి కూడా చోటుండదు. అలా ఉంటేనే తోక, వెనక కాలు చువ్వల మధ్య నుంచి బయటికి లాగి, గ్రంథిని వేళ్లతో నొక్కి, కొమ్ముతో చేసిన చెంచాతో గీకడం కుదురుతుంది. వారం, పదిరోజులకు ఒకసారి ఈ తంతు. గది వెచ్చగా ఉంటే ఎక్కువ ఊరుతుందని లోపల పొగ, నిప్పు పెడతారు. తీసిన సరుకును ఎద్దు కొమ్ముల్లో కూరి, మూతికి తోలు కట్టి ఎగుమతి చేసేవారు. ఎక్కువగా కొనేది ఫ్రాన్స్. వెన్న, అరటిపండు గుజ్జు కలిపి కల్తీ చేయడం ఆ కొమ్ములంత పాతది.

చంపరా అంటే, చంపరు. కానీ పట్టినవాటిలో చాలా మటుకు బోనులోనే చస్తాయి. జంతు సంక్షేమ సంస్థలు 1990ల చివర్లో ఈ బోనుల ఫొటోలు బయటపెట్టాక యూరప్‌లో గొడవైంది. షనెల్ కంపెనీ తమ నంబర్ 5 సెంటులో 1998 నుంచి సహజ పునుగు మానేసి కృత్రిమానికి మారామని చెప్పింది. మిగతా పెద్ద కంపెనీలూ అదే దారి పట్టాయి.

మన దగ్గర మలబారు ప్రాంతంలో పునుగు పిల్లుల్ని బోనుల్లో పెంచి ఆయుర్వేద మందులకు, సుగంధాలకు పునుగు తీసిన రోజులున్నాయి. మలబారు పునుగు పిల్లి అనే మరో జాతి ఇప్పుడు అంతరించే అంచున ఉంది. అడవుల్లో అసలు మిగిలిందా లేదా అన్నదే శాస్త్రవేత్తల మధ్య చర్చ.

వ్యాపారంగా ఇది ఎవరినీ అంత తేలిగ్గా గట్టెక్కించలేదు కూడా. 1692లో లండన్ పొలిమేరల్లో డేనియల్ డీఫో అనే ఆయన, తరువాతి కాలంలో పెద్ద నవలాకారుడయ్యాడు, దాదాపు 70 పునుగు పిల్లుల్ని అప్పు చేసి కొన్నాడు. ఆ ఏడే దివాలా తీశాడు. పిల్లులొక్కటే కారణం కాదు లెండి, చేతిలో వేరే అప్పులూ బోలెడున్నాయి.

వాసన ఎలా ఉంటుంది

దీన్ని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. కన్నౌజ్‌లో మా ఉస్తాద్ దగ్గర మైనంతో మూత బిగించిన ఒక పాత సీసా ఉండేది. ఆఫ్రికా సరుకు, ఆయన తండ్రిగారు కొన్నది. కొత్తగా చేరినవాళ్లకు ఒక్కసారి చూపించేవారు. సూది మొనకు అంటినంత తీసి గాజు పలక మీద రాసి, దీపం సెగ చూపించి, స్పిరిట్‌లో కరిగించి కాగితపు స్ట్రిప్ ముంచి ఇచ్చేవారు. దానికి ముందు సూదినే ముక్కు దగ్గర పెట్టేవారు. తల వెనక్కి లాక్కోని కుర్రాడు లేడు. మేకల దొడ్డి, ఎండిన మూత్రం, కింద ఎక్కడో తీపి, పైన ముక్కు పుటాలు చురుక్కుమనే ఘాటు.

స్పిరిట్‌లో పలచబడ్డాక కథ మారుతుంది. స్ట్రిప్ మీద గంట తరువాత దొడ్డి వాసన తగ్గి, ఎండలో తిరిగొచ్చిన మనిషి మెడ దగ్గరుండే వెచ్చటి వాసన లాంటిది మిగులుతుంది. మర్నాడూ అది అలాగే ఉంటుంది. అప్పుడు ఉస్తాద్ రెండు మల్లె అత్తరు స్ట్రిప్పులు పక్కపక్కన పెట్టేవారు, ఒకదాంట్లో పునుగు ద్రావణం ఒక్క చుక్క. పునుగు లేని మల్లె ముక్కు దగ్గర పెడితేనే తెలుస్తుంది. రెండోది బల్ల మీద పెట్టినా గుమ్మం దాకా వచ్చేది. అందులో పునుగు వాసన విడిగా ఎంత వెతికినా దొరకదు, మల్లే ఎక్కువ మల్లెగా ఉంటుంది.

దీనికి కారణం ఉంది. మల్లెపువ్వులోనే ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని విడిగా చూస్తే కుళ్లు వాసనే. పునుగులో దాని దగ్గర చుట్టం స్కటోల్ ఉంటుంది, పెంటకు ఆ కంపు ఇచ్చేది కూడా అదే. అతి తక్కువ మోతాదులో ఇవి పువ్వుకు ప్రాణం పోస్తాయి. ఎక్కువైతే చెప్పక్కర్లేదు. ఒక అగరుబత్తీల కార్ఖానాలో కుర్రాడు స్కటోల్‌ను నూటికి ఒక వంతు ద్రావణం బదులు నేరుగా గ్రాముల్లో తూచి డ్రమ్ములో పోశాడు. సాయంత్రానికి పక్క వీధివాళ్లు డ్రైనేజీ పగిలిందని మునిసిపాలిటీకి ఫోన్ చేశారు. ఆ డ్రమ్మును ఏం కలిపినా బాగుచేయలేకపోయాం, పారబోయాల్సి వచ్చింది.

అసలు బలం ఎక్కడుందంటే

పునుగులో నిలిచే వాసన సివెటోన్ అనే రసాయనానిది. దీని కథ రసాయన శాస్త్రంలో పెద్ద మలుపు. కార్బన్ అణువులు ఉంగరంలా చుట్టుకుంటే ఐదు, ఆరింటి దగ్గర కుదురుగా ఉంటాయనీ, ఉంగరం పెద్దదయ్యేకొద్దీ నిలవదనీ అప్పటి రసాయన శాస్త్రవేత్తల నమ్మకం. 1926లో లియోపోల్డ్ రుజిచ్కా ఈ పిల్లి జిడ్డులోని సివెటోన్‌కు 17 కార్బన్ల ఉంగరం ఉందని తేల్చాడు. కస్తూరి మృగం నుంచి వచ్చే మస్కోన్‌ది 15 కార్బన్ల ఉంగరం. ప్రకృతిలో ఇంత పెద్ద ఉంగరాలు హాయిగా ఉన్నాయని తెలిశాక వాటిని ఫ్యాక్టరీలో చేసే దారులు తెరుచుకున్నాయి. ఈ పనికీ, మరికొన్ని పరిశోధనలకూ కలిపి రుజిచ్కాకు 1939లో నోబెల్ బహుమతి వచ్చింది.

అందువల్ల ఈరోజు పునుగు వాసన కోసం పిల్లి అవసరం లేదు. సివెటోన్ డీలర్ల దగ్గర తెల్లటి గడ్డగా దొరుకుతుంది. మన లక్క నుంచి తీసే అల్యూరిటిక్ ఆమ్లంతో ఈ రకం మస్కులు, అంటే కస్తూరి తరహా వాసన పదార్థాలు, తయారుచేస్తారు. జార్ఖండ్ అడవుల లక్క ఫ్రెంచి సెంటులో పిల్లి పని చేస్తోందని చెబితే నమ్మరు గానీ, నిజం.

మొక్కల్లో కావాలంటే కస్తూరి బెండ ఉంది. మామూలు బెండ చుట్టమే. గింజల్ని నలిపితే మెత్తటి మస్క్ వాసన. ఆ గింజల నూనెలో ఉండేదీ పెద్ద ఉంగరం పదార్థమే, కానీ పునుగు కన్నా తియ్యగా, పండ్ల వాసన కలిసి ఉంటుంది. గంధం నూనెలో కలిపితే గుడికి, పూజకు బాగా నప్పుతుంది. కస్తూరి పసుపు అని అమ్మేదానికి మాత్రం దీనికీ, జింకకూ, పిల్లికీ దేనికీ సంబంధం లేదు. అది వేరే పసుపు జాతి.

150 రూపాయల డబ్బాలో ఏముంది

పూజా సామాన్ల షాపుల్లో, చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల్లో, తమిళనాడు నుంచి వచ్చే చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో దొరికే జవ్వాది చాలా వరకు పొడి. అసలు పునుగు కొవ్వు పదార్థం, దానంతటది ఎప్పుడూ పొడి కాదు. ఆ డబ్బాల్లో ఉండేది మెత్తటి పొడికి, కొంచెం గంధం చెక్క పొట్టుకు, సెంటు కాంపౌండ్ పట్టించిన సరుకు. వాసన బాగుంటే వాడుకోండి, తప్పేమీ లేదు. నేనూ ఒకరిద్దరికి అలాంటి కాంపౌండ్ కలిపి ఇస్తాను, లేబుల్ మీద "ఒరిజినల్" అని రాయొద్దని మాత్రం చెబుతాను. రాసేవాళ్లు రాస్తారు.

మీరు అసలు దేనికి భయపడాలంటే, చాలా చవక రకాల్లో కలిపే పాత నైట్రో మస్కులకు. 1888లో ఆల్బర్ట్ బావర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పేలుడు పదార్థాల మీద పనిచేస్తూంటే మస్క్ వాసన వచ్చే పదార్థం తగిలింది. టీఎన్‌టీకి దగ్గరి బంధువు. అక్కడి నుంచి పుట్టిన కుటుంబంలో మస్క్ అంబ్రెట్ అనేది ఎండ తగిలిన చర్మం మీద దద్దుర్లు, నల్లమచ్చలు తెస్తుందని, నరాలకు చెరుపని తేలి అంతర్జాతీయంగా నిషేధించారు. పేరూ ఊరూ లేని రోల్-ఆన్ "మస్క్" అత్తర్లు మెడకు రాసుకుని మధ్యాహ్నం బైక్ మీద తిరిగిన కుర్రాళ్లు అక్కడ మచ్చలతో వచ్చి అడుగుతుంటారు. వాడటం మానేయమంటాను, చర్మం డాక్టరు దగ్గరికి పంపిస్తాను. తయారీదారు పేరు, చిరునామా లేని సీసా చర్మానికి తగలనివ్వకండి. బట్ట మీద రాసుకున్నా కొంత నయం.

కస్తూరి పేరుతో మోసం ఇంకా పెద్దది. కస్తూరి మృగం హిమాలయాల్లో ఎత్తున బతికే చిన్న జంతువు, మగదానికే బొడ్డు దగ్గర కాయ. అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. కొండల నుంచి వచ్చామంటూ వీధుల్లో అమ్మేవాళ్ల చేతిలో ఉండేది మేక తోలు ఉండ. లోపల ఎండిన నెత్తురు, మట్టి, కాస్త సెంటు. ఆ మధ్య ఒక పెద్దాయన, ఆయన్ను బాబాయి అని పిలుస్తాను, అలాంటి దాన్ని వేలు పోసి కొని పట్టు గుడ్డలో చుట్టి తెచ్చాడు. వేడినీళ్లలో వేస్తే కుట్టు విడిపోయి నైలాన్ దారం బయటపడింది. ఏ జింకకు నైలాన్ కుట్లుంటాయి చెప్పండి.

ఇంట్లో పరీక్షలతో తేలుతుందా

తేలదు. కాగితం మీద రాస్తే జిడ్డు మరక, వేడి చేస్తే కరగడం, దారానికి పట్టించి వాసన చూడడం లాంటి పాత పరీక్షలతో పొడి రకాల్ని పక్కకు తోసేయొచ్చు, అంతే. వెన్న, వ్యాజిలిన్ కలిపిన కల్తీ కూడా ఆ పరీక్షల్లో నెగ్గుతుంది. ల్యాబ్‌లో గ్యాస్ క్రొమటోగ్రఫీ (సరుకులోని పదార్థాల్ని విడివిడిగా చూపే పరీక్ష) చేయిస్తే స్పష్టత వస్తుంది. సహజ పునుగులో సివెటోన్ ఒంటరిగా రాదు, దాని అన్నదమ్ముల్లాంటి 15, 16, 17 కార్బన్ల ఉంగరాలు, రవ్వంత స్కటోల్ కలిసి కనిపిస్తాయి. కృత్రిమంలో ఒక్క సివెటోనే శుభ్రంగా నిలబడుతుంది, లేదా అసలు అదీ లేకుండా చవక మస్కులుంటాయి.

ఇంకో సంగతి, మీ ముక్కును కూడా పూర్తిగా నమ్మకండి. పెద్ద ఉంగరం మస్కుల్లో కొన్ని కొందరికి అసలు వాసనే రావు. నా దగ్గర పనిచేసే ఇద్దరికి ఒకే స్ట్రిప్ ఇస్తే ఒకరు "ఇంత గాఢంగా ఉందేంటి" అంటారు, ఇంకొకరు "ఉత్త కాగితం ఇచ్చారా" అంటారు. వాళ్లిద్దరి ముక్కులూ బాగానే ఉన్నాయి. ఏదైనా మస్క్ కొనేముందు ఇంకొకరిచేత కూడా వాసన చూపించండి.

సొంతంగా కలుపుకోవాలంటే

మీరు పూజకు, ఇంటి వాడకానికి పునుగు వాసన కోరుకుంటే ఇలా మొదలుపెట్టండి. మంచి గంధం నూనె 10 మిల్లీలీటర్లు. అందులో సివెటోన్ నూటికి పది వంతుల ద్రావణం ఒకటి రెండు చుక్కలు. స్కటోల్‌ను ముందు నూటికి ఒక వంతుగా, దాన్ని మళ్లీ పదింతలు పలచన చేసి, ఆ రెండోదాంట్లోంచి ఒక్క చుక్క. తేనె ఛాయ కావాలంటే ఫినైల్ ఎసిటిక్ యాసిడ్ పలచటి ద్రావణం అరచుక్క. మూత బిగించి చీకట్లో ఒక నెల వదిలేయండి. మొదటి రోజు వాసన చూసి తీర్పు చెప్పకండి, అది ఇంకా కలవలేదు. స్కటోల్ తూచేటప్పుడు చేతి తొడుగులు తప్పనిసరి, వేలికి అంటితే రెండు రోజులు అన్నం తినలేరు. ఇది విగ్రహానికి, దీపారాధన గదికి, బట్టకు. తీర్థంలో, ప్రసాదంలో, పిల్లల మందుల్లో వేయడానికి కాదు.

అటక మీది జంతువును ఏం చేయాలి

ఏమీ చేయకపోయినా ఫర్వాలేదు. ఎలుకల్ని తింటుంది, మనుషుల జోలికి రాదు. చప్పుడు భరించలేకపోతే, పిల్లలున్నాయేమో ముందు చూసుకోండి. లేకపోతే రాత్రి అది మేతకు వెళ్లాక పెంకుల సందు, చూరు కింద ఖాళీ మూసేయండి, ఇంటి మీదికి వంగిన కొమ్మలు నరికేయండి. మరో గూడు వెతుక్కుంటుంది. పిల్లలుంటే అవి పెద్దవై వెళ్లేదాకా ఆగండి, లేదా అటవీ శాఖవాళ్లకు చెప్పండి. చేత్తో పట్టే ప్రయత్నం మాత్రం వద్దు. కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి అదేరోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి. "చిన్న గాటే కదా" అనుకోవడానికి లేదు.

నాయనమ్మగారి భరిణె

ఇది అసలుది అయ్యే అవకాశం మిగతా అన్నిటికన్నా ఎక్కువ. ఒకప్పుడు పెళ్లిళ్లలో గంధంతో పాటు పునుగు, జవ్వాది ఇవ్వడం కలిగినవాళ్ల ఇళ్లలో ఉండేది. నల్లబడిందంటే పాడైందని కాదు. పుల్ల మొనతో ఆవగింజంత తీసి, ఒక చెంచా స్పిరిట్‌లో రెండు రోజులు ఉంచి, ఆ నీరు కాగితం ముక్క మీద ఆరనివ్వండి. మొదట ఘాటు, మూడో రోజుకు కూడా వెచ్చటి వాసన నిలిచి ఉంటే పునుగో, దానితో చేసిన పాత ముద్దో అయి ఉండొచ్చు. కర్పూరం, లవంగం వాసన మాత్రమే వచ్చి మర్నాటికి మాయమైతే అది వక్కపొడి సెంటు. ఏదైనా సరే అమ్మకానికి పెట్టకండి, ఫొటో తీసి "పాత పునుగు ఉంది" అని గ్రూపుల్లో పెట్టకండి. కొనేవాళ్లకన్నా ముందు వేరేవాళ్లు ఫోన్ చేస్తారు. భరిణె వెండిలో రాగి కలిసి ఉండొచ్చు కాబట్టి మూత లోపల పచ్చటి చిలుం పట్టి ఉంటే ముద్దను చిన్న గాజు సీసాలోకి మార్చి, సీసాలో ఖాళీ మిగలకుండా చూసి, బిరడా మీద మైనం పోసి బీరువాలో పెట్టండి. భరిణె మాత్రం కడగకండి. దాని లోపలి అంచుల్లో ఇంకా కొన్నేళ్లపాటు వాసన ఉంటుంది.